సముద్రం లేని ఊళ్లో చేప

డోన్‌కు సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైనే దూరం. చెరువులు నిండిన ఏడు పచ్చి చేపలు దొరికేవి గానీ, చిన్నప్పుడు మా ఇంట్లో చేప అంటే సంతలో గోనెపట్టా మీద కుప్ప పోసి అమ్మే ఎండు చేపే. ఉప్పు, ఎండ పట్టిన చేప కాబట్టి చెడకుండా మా దాకా వచ్చేది.

అమ్మ ముందు తలలూ తోకలూ తీసేసి, ముక్కల్ని ఉత్త పెనం మీద కాస్త కాలుస్తుంది. ఉడుకు నీళ్లలో వేసి, ఇసుక పోయేదాకా రెండు మూడు సార్లు కడుగుతుంది. చెనిక్కాయల నూనెలో ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు వేయించి, వంకాయ ముక్కలు, పసుపు, కారం వేసి చింతపండు పులుసు పోస్తుంది. అది మరిగాక చేప ముక్కలు. ఉప్పు మాత్రం రుచి చూశాకే. పక్కన జొన్న సంగటి ఉంటే ఆ పూటకు ఇంకేమీ అక్కర్లేదు.

ఇవన్నీ మొదలయ్యే ముందు ఇంకో పని ఉండేది. వీధి వైపు కిటికీ మూయడం. మాది బాడుగ ఇల్లు. ఒకరోజు ఇంటామె గడప దగ్గర నిలబడి, "ఏమ్మా, ఈపొద్దు ఏం వండుతాండారు?" అంది. తెలియక అడిగిన మాట కాదది. "పులుసక్కా" అంది అమ్మ. ఏం పులుసో చెప్పలేదు. నెల తిరక్కుండానే ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఎందుకో వాళ్లూ చెప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత పోర్చుగల్ వాళ్ల ఉప్పు చేప గురించి చదివాను. అది కాడ్ చేప. వాళ్లకు పొడుగాటి తీరముంది గానీ అక్కడ కాడ్ దొరకదు. 16వ శతాబ్దం నుంచీ న్యూఫౌండ్‌లాండ్ దాకా ఓడలేసుకుపోయి, పట్టి, ఉప్పులో వేసి తెచ్చుకున్నారు. ఇప్పుడు ఎక్కువగా నార్వే నుంచి తెప్పించుకుంటారు. ఒకటి రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెడితే గానీ అది వంటకు రాదు. చీల్చిన చేపను ఉల్లిపాయలతో మగ్గించి, పుల్లల్లా తరిగి వేయించిన ఆలుగడ్డలు కలిపి, పైన గుడ్లు కొట్టి పోయడం ఒక పద్ధతి. క్రిస్మస్ ముందు రాత్రి మాత్రం ఆలుగడ్డలు, క్యాబేజీతో ఉడికించి ఇంటిల్లిపాదీ కూర్చుని తింటారు. ఆ చేపకు వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'నమ్మకమైన స్నేహితుడు'.

ఉప్పు చేప అక్కడైనా ఇక్కడైనా వాసన వేస్తుంది. అక్కడది పండగ వాసన.

మా స్టేషన్ మీదుగా పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ గోవాలో వాస్కో డ గామా అనే ఊళ్లో ఆగిపోతుంది. 1961 దాకా పోర్చుగీసు వాళ్లు ఏలిన నేల అది. అమ్మ పులుసులోని మిరపకాయను ఈ దేశానికి తెచ్చింది కూడా వాళ్లే. పరాయి ఓడలో దిగిన మిరపకాయను ఎవరూ గడప దగ్గర ఆపలేదు. మన తీరంలోనే ఎండిన చేపకు మాత్రం అంత సులువుగా చోటు దొరకలేదు. జనానికి ముందు తినేవాళ్లెవరో తెలియాలి, వాసన ఆ తర్వాతే తగులుతుంది.

ఇప్పుడు మాది సొంత ఇల్లు. అయినా పెనం పొయ్యి మీద పెట్టేముందు అమ్మ చెయ్యి కిటికీ వైపే పోతుంది.