మిగిలింది మూడు పాటలు

బిలాస్‌పూర్‌లో మే నెల సాయంత్రాలను నమ్మడానికి లేదు. నాలుగింటి దాకా నిప్పులు చెరిగే ఎండ. ఐదయ్యేసరికి బుధవారీ బజార్ మీదుగా దుమ్ము లేస్తుంది. ఇక్కడ దాన్ని ఆంధీ అంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం నుంచి వచ్చిన మా తాత నోట కూడా అదే మాట.

2009లో అలాంటి ఓ సాయంత్రం రైల్వే కాలనీలో మా క్వార్టర్‌కు దగ్గర్లో పిడుగు పడింది. ఇల్లు చెక్కుచెదరలేదు. టీవీ, మోడెమ్, కంప్యూటర్ మాత్రం మళ్లీ వెలగలేదు. స్విచ్‌లు కట్టేశాం, స్పైక్ గార్డ్ కూడా ఉంది. కానీ ప్లగ్గులు పీకలేదు. కేబుల్ తీగ, టెలిఫోన్ తీగ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మబ్బు నుంచి నేల దాకా దూకిన విద్యుత్తుకు స్విచ్‌లోని ఆ కాస్త సందు ఓ లెక్కా? స్పైక్ గార్డ్ అయినా సరైన ఎర్తింగ్ ఉంటేనే పనిచేస్తుంది. పిడుగు నేరుగా పడితే అదీ ఆపలేదు.

టీవీ పోతే మరోటి కొనుక్కోవచ్చు. ఆ హార్డ్ డిస్క్‌లో అమ్మ గొంతు ఉంది. పోయే ముందు ఏడాది ఆమె పాడిన పెళ్లి పాటలు, చెప్పిన ఆవకాయ కొలతలు. వేరే కాపీ లేదు. రిపేరు కుర్రాడు డిస్క్‌ను తిప్పి చూసి మాట్లాడకుండా నాన్న చేతిలో పెట్టాడు.

నెల తర్వాత విశాఖలోని పిన్ని ఫోన్ చేసింది. అమ్మ ఎప్పుడో పంపిన సీడీ దొరికిందట. అందులో మూడు పాటలున్నాయి. వెంటనే కాపీ తెప్పించుకున్నాం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. పిన్ని ఇంట్లో కిటికీలు ఎగిరిపోయాయి, బీరువా తడిసింది, సీడీ పాడైంది. ఈసారి పాటలు పంపింది మేం. కంప్యూటర్లవాళ్లు మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊళ్లో అని చెప్పే సూత్రం మాకలా తెలిసొచ్చింది.

ఇప్పుడు నా ఫోన్‌లో పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది. రిటైర్డ్ గార్డు నాన్నకు దాంతో పనిలేదు. ఆకాశం నల్లబడగానే ప్లగ్గులు, కేబుల్ అన్నీ పీకేస్తారు. ఉరుములు మొదలయ్యాక మాత్రం తీగ ముట్టనివ్వరు. మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కపెడతారు. మూడు సెకన్లంటే కిలోమీటరు దూరం. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగుతారు.

ఆ తర్వాత ఆయన మొదట పెట్టేది అమ్మ పాటే.