సెలవులకి ఇంటికొచ్చిన తమ్ముడి నిద్ర

మా తమ్ముడు ఆశ్రమ పాఠశాలలో 9 గంటల బెల్లుకే పడుకుంటాడు. వేసవి సెలవులకి ఇంటికొస్తే 11 అయినా ఫోన్ వదలడు. తెల్లారకముందే అమ్మావాళ్ళు తునికాకుకి పోవాలి, వాళ్ళకీ నిద్రుండదు. మేము ఫోన్ లాక్కునేవాళ్ళం, వాడు ఏడ్చేవాడు. ఒకరోజు, "అక్కడ అందరం పక్కపక్కనే పడుకుంటాం అక్కా, ఒక్కడికీ నిద్ర రాదు" అన్నాడు. మేమూ హాస్టల్లోనే పెరిగాం కదా, ఎట్లా మర్చిపోయామో!

ఇప్పుడు చీకటిపడగానే జావ తాగించి, కాళ్ళు కడిగించి, వాకిట్లో అవ్వ పక్కనే మంచం వేస్తున్నాం. అవ్వ కోయలో కథ చెప్తుంది. వాడికి సగం మాటలు తెలీవు, బడిలో అంతా తెలుగే. "అంటే ఏంటవ్వా?" అని అడుగుతూ అడుగుతూనే నిద్రపోతాడు. కొన్ని మాటలు మాకూ తెలీవు, సిగ్గుపడి అడగం. వాడు అడిగితే వింటున్నాం.