దేహములోని సమతూకము

మా పలనాటి సీమలో వైశాఖమాసపు టెండ యెట్టిదో చూచినవారికి వేరుగ జెప్ప నక్కరలేదు. వెలుపల 110 డిగ్రీల ఫారన్‌హీటు వేడి యున్న దినమున సైతము, ఆరోగ్యవంతుల నోట థర్మామీటరు నుంచి చూచిన 98 డిగ్రీల ప్రాంతముననే నిలుచును. మాఘమాసపు చలిలోను అంతియే. ఇంటిలో నెయ్యి కరగును, పెరుగు పులియును. దేహము మాత్రము తన తూకము తప్పనీయదు.

ఈ మర్మమును శాస్త్రరీతిగ వివరించినవారిలో ఫ్రాన్సుదేశీయుడగు క్లాడ్ బెర్నార్డు (1813–1878) ముఖ్యుడు. దేహము లోపలి ద్రవము స్థిరముగ నుండుటయే ప్రాణి స్వేచ్ఛగ జీవించుట కాధారమని ఆయన బోధించెను. అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1926లో దీనికి ‘హోమియోస్టాసిస్’ అని పేరిడెను. మనము సమస్థితి యనవచ్చును.

మెదడు అడుగున హైపోథాలమస్ అను చిన్నభాగము కలదు. ఇంటికి గృహిణి యెట్లో, దేహమునకు అది యట్లు. రక్తము వేడెక్కినచో చెమట పట్టించును. చెమట ఆరుచు వేడిని గొనిపోవును. నీరు తగ్గి రక్తమున ఉప్పుపాలు హెచ్చినచో దాహము పుట్టించును. నీటిని పొదుపు చేయుడని మూత్రపిండములకు ఆజ్ఞ పంపును. కాని కొట్టులోనికి సరకే రానిచో ఎంతటి పొదుపరి యైన నేమి చేయగలదు?

మా అత్తగారికి డెబ్బదియారేండ్లు. వేసవిలో మంచినీళ్లందించినను, “దాహము లేదమ్మా” యని గ్లాసు పక్కన బెట్టెడివారు. నిరుడొక మధ్యాహ్నము ఆమె మాట తడబడెను. నాలుక పిడచ గట్టెను. వెంటనే ఆస్పత్రికి గొనిపోయి సెలైను పెట్టించగా రెండు దినములకు తేరుకొనిరి. వయసు మీరినకొలది దాహపు పిలుపు మందగించుననియు, దేహమునకు నీరు కావలసియున్నను నోరు అడుగదనియు వైద్యురాలు చెప్పెను. నాటినుండి మా యింట, అడుగకయే, వేళ తప్పక, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఆమె చేతికందును.

“ఇది మందా, మర్యాదా?” యని ఆమె నవ్వుదురు.

“రెండును, అత్తయ్యగారూ” అందును.

సోదరీమణులారా! మీ యింటి పెద్దలకు దాహమగువరకు వేచియుండకుడు. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారికి ఎంత నీరు తగునో వైద్యుల నడిగి తెలిసికొనుడు. ఎండదెబ్బకు మాట తడబడి స్పృహ తప్పుచున్నవారి నోట నీరు పోయక, నీడకు జేర్చి, తడిగుడ్డలతో దేహము చల్లార్చుచు, ఆలస్యము లేక ఆస్పత్రికి గొనిపొండు.

పొయ్యిచెంత చెమటోడ్చుచు, అందరికిని వడ్డించి చివరకు గ్రుక్కెడు నీరు త్రాగు మనమును ఈ లెక్కలోనివారమే. ప్రయాణమున మరుగు దొరకదని దాహమును చంపుకొనుటయు మనకు మామూలే. మన దేహము మౌనముగ సర్దుకొనుచున్నంత మాత్రమున దాని కేమియు నక్కరలేదని తలపరాదు.