అరకు పూటకూళ్ళు

పూర్వం బాటసారులకు వెల తీసుకొని అన్నం పెట్టే ఇంటిని పూటకూళ్ళ ఇల్లు అనేవారు. వినుకొండ వల్లభరాయుని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం'లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో విహరిస్తారు. ఆ విహారంలో ఒక్క రూకకు కమ్మని భోజనం పెట్టే పూటకూళ్ళ ఇల్లు కూడా వారికి తటస్థిస్తుంది. కాకతీయుల కోటను గురించి చెప్పే శాసనాలు ఎన్నో ఉన్నాయి. ఆ నగరంలో సామాన్యుడు ఎక్కడ ఏమి తినేవాడో చెప్పిన గ్రంథాలు మాత్రం అరుదు.

మన ప్రబంధాలలో అన్నదాతలకు కొదవ లేదు. 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు ఏ ఋతువుకు తగిన భోజనం ఆ ఋతువులో వండించి అతిథులను ఆదరిస్తాడు. వెల తీసుకొని పెట్టే పూటకూళ్ళమ్మకు ఆ గౌరవం దక్కలేదు. అన్నాన్ని అమ్మడం దోషమని ధర్మశాస్త్రాలు భావించడమే ఇందుకు కారణం కావచ్చు. నాకు మాత్రం పూటకూళ్ళ ఇంటిలో ఒక సుగుణం కనిపిస్తుంది. అక్కడ తినేవాడు ఋణపడడు, పెట్టేవారు దయ చూపినట్లు కాదు. కులగోత్రాలు తెలియని ఇద్దరు మనుషులు ఒక పొయ్యి దగ్గర కలుసుకుంటారు.

నేటి పూటకూళ్ళను చూడాలంటే అరకు దారి పట్టవచ్చు. విశాఖపట్నం నుండి అరకులోయ సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కగానే గాలి చల్లబడుతుంది. అనంతగిరి చేరేసరికి సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. దారి పొడవునా నీలిరంగు పట్టాలు కప్పిన పాకలు, వాటి ముందు రెండేసి బల్లలు ఉంటాయి. ఒక పాక ముందు నిప్పులపై వెదురుబొంగులు కాలుతూ ఉంటాయి. పక్కనే ఉన్న బండి మీద గుంటబాణలి భగ్గుమంటూ ఉంటుంది. మొదటిదాని పలకపై 'బొంగులో చికెన్' అని, రెండవదానిపై 'చైనీస్ నూడుల్స్, మంచూరియా' అని రాసి ఉంటుంది. వెదురు పొగ, సోయా సాస్ ఘాటు ఒకే గాలిలో కలిసి ప్రయాణికుణ్ణి పలకరిస్తాయి.

'ఈ కొండల్లో కూడా ఈ చైనా తిండి ఏమిటి?' అని విసుక్కొనే యాత్రికులు ఉన్నారు. ఆ విసుగు నాకు న్యాయంగా తోచదు. పట్నంలో ఉన్నవారు వారానికొకసారి నూడుల్స్ తినవచ్చునట. కొండమీది కుర్రవాడు మాత్రం మన కన్నుల పండువ కోసం చోడి అంబలి తాగుతూ కూర్చోవాలట!

అసలు ఆ బండి మీది వంట ఎంత చైనాది? మంచూరియా అన్నది చైనా దేశపు ఈశాన్య ప్రాంతానికి పేరు. మనం తినే మంచూరియా అక్కడివారికి తెలియదు. కలకత్తాలో చైనా కుటుంబంలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటవాడు 1975లో బొంబాయిలో దీనిని రూపొందించాడని ప్రసిద్ధి. పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి అనే మన దినుసులకు ఆయన సోయా సాస్‌ను, మొక్కజొన్న పిండిని జోడించాడు. కోడిమాంసంతో పుట్టిన ఆ వంటకం, క్యాలీఫ్లవర్‌తో శాకాహారుల ఇళ్ళలోనూ ప్రవేశించింది.

కలకత్తాలో చైనీయులు పద్దెనిమిదవ శతాబ్ది చివర నుండే స్థిరపడ్డారు. వారిలో హక్కా తెగవారు తంగ్రా ప్రాంతంలో తోళ్ళ పరిశ్రమ నడిపి, తరువాత హోటళ్ళు పెట్టారు. నూడుల్స్ బండ్ల మీద కనిపించే 'హక్కా' అనే మాట ఆ జనుల పేరే. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు, ఈ దేశంలోనే పుట్టి పెరిగిన చైనా సంతతివారిని సుమారు మూడువేల మందిని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధించారు. కొందరు అక్కడ ఏళ్ళ తరబడి ఉన్నారు. విడుదలై వచ్చేసరికి పలువురి ఇళ్ళు, దుకాణాలు పరుల పాలయ్యాయి. చాలామంది కెనడాకు తరలిపోయారు. నేడు టొరంటోలో హక్కా హోటళ్ళ పేరుతో మన మంచూరియానే అమ్ముతున్నారు. వండినవారిని అనుమానించి కంచె వెనుక ఉంచిన దేశం, వారి వంటను మాత్రం ఊరూరా బండి మీద నిలుపుకొన్నది.

కొన్ని పాకలలో అమ్మే పొట్లం నూడుల్స్ మరొక దారిన వచ్చాయి. చైనా నుండి రేవు పట్టణాలకు చేరిన వంటవారు జపానుకు ఈ పిండిదారాల వంట నేర్పారు. 1910లో టోక్యోలోని అసాకుసాలో వెలసిన రైరైకెన్ అనే చిన్న హోటలులో యొకొహామా నుండి రప్పించిన చైనా వంటవారే పొయ్యి దగ్గర నిలిచారు. దానినే జపానీయులు రామెన్ అని తమదిగా చేసుకొన్నారు. 1958లో మొమొఫుకు ఆందో దానిని నూనెలో వేయించి ఎండబెట్టి, వేడినీటితో నిమిషాలలో సిద్ధమయ్యే తినుబండారంగా మార్చాడు. జపానుకు ఇంత ఖ్యాతి తెచ్చిన ఆ ఆందో పుట్టింది తైవానులో! మన దేశానికి పొట్లం నూడుల్స్ 1980లలో ఒక స్విస్ సంస్థ ద్వారా వచ్చాయి. కొండదారులలో వీటికి గిరాకీ ఎక్కువ. చలిలో వేడివేడిగా తినవచ్చు, నిల్వ ఉంటాయి, కట్టెపుల్లల మంట మీదనైనా ఉడుకుతాయి.

జపానుకూ అరకుకూ మరొక సంబంధం ఉన్నది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని జపాన్ ఉక్కు కర్మాగారాలకు చేర్చడానికి 1960లో కుదిరిన ఒప్పందం ఫలితంగానే కొత్తవలస-కిరందుల్ రైలుమార్గం ఏర్పడింది. నేడు యాత్రికులు ముచ్చటపడి లెక్కించే 58 సొరంగాలను తొలిచింది విహారం కోసం కాదు, ఆ ఇనుము కోసం. కొండల నుండి ఖనిజం సముద్రం దాటి వెళ్ళింది. రైలు మాత్రం అరకుకు ఆకలిగొన్న యాత్రికులను తెచ్చింది. పాకలు వెలిసింది వారి కోసమే.

ఇక వెదురుబొంగు దగ్గరకు వద్దాం. పచ్చి వెదురును కణుపు అడుగు మూతగా మిగిలేటట్లు నరుకుతారు. ఉప్పు, కారం, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి పట్టించిన కోడిముక్కలను అందులో కూరి, పైన ఆకు దోపి మూతవేస్తారు. నూనె చుక్క వేయరు. నిప్పులపై ఉంచి అన్ని వైపులా కాలేటట్లు తిప్పుతూ ఉంటారు. పచ్చి వెదురులోని తేమ ఆవిరై మాంసాన్ని మగ్గిస్తుంది. బొంగు బయట నల్లబడుతుందే గాని, లోపల ముక్క మాడదు. సుమారు అరగంట నుండి ముప్పావుగంట పడుతుంది. ముదురు వెదురైతే తేమ చాలదు, చిటపటలాడి పగులుతుంది. కాబట్టి ఈ వంటలో మొదటి నేర్పు వెదురును ఎన్నుకోవడంలోనే ఉన్నది. అడవికి పోయినవారు కుండ మోసుకుపోనక్కరలేని వంట ఇది. బొంగే పాత్ర, బొంగే మూత. తిన్న తరువాత అదే మళ్ళీ పొయ్యిలోకి కట్టె.

ఇట్లాంటి వంట అరకుకే పరిమితం కాదు. ఈశాన్య భారతంలో నాగాలు మాంసాన్ని, చేపను వెదురులో వండుతారు. వియత్నాం కొండజాతులు బియ్యాన్ని బొంగులో ఉడికిస్తారు. చైనాలోని యునాన్ రాష్ట్రంలో దాయి ప్రజలకు బొంగు అన్నం పండుగ భోజనం. నూడుల్స్ బండి పలకపై చైనా పేరు ఉన్నది. ఏ పేరూ పెట్టుకోకుండా చైనా కొండపల్లెలకు దగ్గరి చుట్టమై నిలిచింది మాత్రం పక్కనున్న వెదురుబొంగే. నేను ఇది చెప్పగా బొంగులు తిప్పుతున్న ఆదివాసీ తల్లి నవ్వి, "వాళ్ళకీ కొండలున్నాయా బాబూ? కొండలుంటే ఎదురుంటాది" అన్నది. తులనాత్మక పరిశీలన అని మేము విశ్వవిద్యాలయాలలో పిలిచే దానిని ఆమె రెండు మాటలలో తేల్చివేసింది.

ఆ తల్లిని చూసినపుడు ధూర్జటి తిన్నడు గుర్తుకు వచ్చాడు. తిన్నడు అడవిలో వేటాడి, మాంసం కాల్చి, రుచి చూసి, బాగున్నవాటినే ఏరి శివునికి సమర్పించాడు. పూజారికి అది అపచారంగా తోచింది, దేవునికి తోచలేదు. నేడు బొంగులో చికెన్ విశాఖ హోటళ్ళలోనూ, హైదరాబాదు విందులలోనూ పెద్ద వెలకు అమ్ముడవుతున్నది. తిన్నడి నైవేద్యం అందరికీ నచ్చింది. తిన్నడి సంగతే సందేహం. నేను కూర్చున్న పాక ముందు ఒక బస్సు ఆగింది. దిగిన యువకులు ఆ తల్లిని "ఏయ్, త్వరగా ఇయ్యి" అని కేకవేశారు. వారి ఇంటిలో తల్లి వయసున్న స్త్రీని 'అమ్మా' అనకుండా పిలవరు. వారు దుర్మార్గులు కారు. కొండమీదికి వచ్చేటప్పుడు ఏకవచనాన్ని వెంట తెచ్చుకొన్నారు, అంతే. ఆమె మాత్రం వారిని "బాబూ, కాలతాది, జాగ్రత్త" అని హెచ్చరిస్తూనే బొంగును చీల్చి, ముక్కలను ఆకులో పోసి ఇచ్చింది.

నూడుల్స్ బండి కుర్రవాడు కూడా అక్కడి ఆదివాసీయే. విశాఖలో ఒక ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గర రెండేళ్ళు గిన్నెలు కడుగుతూ, బాణలి ఎగరవేయడం చూసి నేర్చుకొన్నాడట. మంట పెద్దదిగా ఉండాలనీ, కూరగాయలు ముందే సన్నగా తరిగి ఉంచాలనీ, గరిటె ఆగకూడదనీ అతడు వివరిస్తుంటే మంచి అధ్యాపకుని పాఠం విన్నట్లున్నది. అతని బండి మీద సాసుల సీసాల నడుమ ఒక చిన్న సీసాలో కొండ మిరియాల పొడి ఉన్నది. నూడుల్స్ మీద అది చల్లితే వచ్చే రుచి చైనాలో దొరకదు, తంగ్రాలోనూ దొరకదు.

సాయంత్రం బస్సులన్నీ దిగిపోయాక ఆ కుర్రవాడు మిగిలిన నూడుల్స్‌ను ఒక ఆకులో పెట్టి పక్క పాకకు తీసుకుపోయాడు. ఆ తల్లి చిన్న కొడుకు వాటి కోసమే కాచుకొని ఉన్నాడు. ఆమె లోపలి నుండి ఒక లోటాతో చోడి అంబలి తెచ్చి కుర్రవాని చేతికిచ్చింది. అతడు బండి మంట ఆర్పి, ఆ బల్ల మీదనే కూర్చొని తాగసాగాడు.