పాత వసతిగృహములు - నిలువనీడ

నిలువనీడ ధనికులకును బీదలకును సమానముగ కావలసినదే. కాని నీడ యొక్కటే చాలదు. భారతమున ఆశ్రమవాసపర్వము చదివినవారికి ధృతరాష్ట్రుని సంగతి తెలియును. యుద్ధానంతరమున ఆ గ్రుడ్డి వృద్ధుడు పదునైదేండ్లు ధర్మరాజు నింట సకల భోగములతో నుండెను. అన్నమునకు గాని పాన్పునకు గాని లోటు లేదు. అయినను భీముని సూటిపోటి మాటలకు తాళలేక తుదకు అడవికి పోయెను. ఇంట నుంచుకొనుట వేరు, గౌరవముతో నుండనిచ్చుట వేరు. ఈ భేదమును మేము చిన్ననాడే గ్రంథమున చదివితిమి గాని, కన్నులార చూచినది బెజవాడలోని యొక పాత వసతిగృహముననే.

మా అత్తగారికి మోకాళ్ల నొప్పులచే నడక తగ్గి కొన్నేండ్లయినది. మావారు బడికి సెలవు పెట్టగా, వైద్యమునకై ఆమెను పల్లెనుండి తీసికొని వచ్చి, రైలుస్టేషనునకు చేరువనున్న యొక వసతిగృహమున దిగితిమి. ఎత్తైన గోడలు, పెద్ద కిటికీలు, టేకు దూలములు, నడుమ విశాలమైన ముంగిలి; కట్టడము చూడ ముచ్చటగ నుండెను. క్రింది గదులన్నియు నిండియుండుటచే పైయంతస్తున గది యిచ్చిరి. మెట్లు ఇరువది రెండు. ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి ఇద్దరు మోసికొనిపోవలసి వచ్చెను. స్నానపుగది గడప జానెడెత్తు. లోపల చేయూతకు కమ్మియైన లేదు. ఆనాడు సాయంకాలమువరకు అత్తగారు మంచినీరు ముట్టలేదు. కారణమడుగగా, "నీళ్లు తాగితే మాటిమాటికీ నిన్ను లేపాలి గదమ్మా" అనిరి. ముసలితనమున దాహమును చంపుకొని మర్యాద నిలుపుకొనవలసిన గతి యెంత దుస్సహమో ఆనాడు తెలిసినది.

ఆ వసతిగృహమిప్పుడు మూతపడినది. పడగొట్టి దుకాణములు కట్టుదురని వినికిడి. 1893లో కృష్ణపై రైలువంతెన యేర్పడిన పిమ్మట బెజవాడ నాలుగు దిక్కుల దారులకు కూడలి యయ్యెను. వచ్చిపోవువారికై సత్రములును వసతిగృహములును వెలసెను. లిఫ్టులుగల క్రొత్త హోటళ్లు వచ్చుటతో పాతవానికి గిరాకి తగ్గినది. పడగొట్టుట తప్ప గతిలేదా?

పాత కట్టడమునకు క్రొత్త పని యప్పగించుట మనకు తెలియనిది కాదు. 1887లో పునాది వేసిన విక్టోరియా జూబిలీ భవనము నేడు మన బాపు మ్యూజియము. చెన్నపురి సముద్రతీరమున అమెరికా మంచుగడ్డలను దాచుటకు కట్టిన ఐస్‌హౌస్, 1917 తరువాత సోదరి సుబ్బలక్ష్మిగారి పూనికచే బాలవితంతువులకు వసతియై, వారి చదువునకు దారి చూపినది. మంచు కరగిపోయినను ఇల్లు పనికివచ్చినది.

ఇంతకంటెను ఆలోచింపదగినది న్యూయార్కు నగరమున 1904లో కట్టిన ప్రిన్స్ జార్జి హోటలు కథ. 1980 తరువాతి సంవత్సరములలో నగరపాలకులు ఇల్లులేని కుటుంబములను అందు క్రిక్కిరియ నింపిరి. పిల్లలతో కాపురమునకు తగిన వసతులు లేవు. కొన్నేండ్లకే అది దుఃస్థితికి వచ్చి మూతపడినది. పిదప కామన్ గ్రౌండ్ అను సేవాసంస్థ దానిని తీసికొని బాగుచేసి 1999లో తెరచినది. ఈ పర్యాయము 416 చిన్న నివాసములు. ఎవరి తలుపు వారిది, ఎవరి తాళపుచెవి వారిది. కొద్దిపాటి జీతగాండ్రును, నీడలేక తిరిగినవారును ఇరుగుపొరుగులైరి. కష్టసుఖములు విచారించువారిని ఆ యింటనే యుంచిరి. క్రిందనున్న పాత నృత్యశాలను 2005లో పునరుద్ధరింపగా, అది సభలకును వేడుకలకును ఉపయోగపడినది. గోడలు మారలేదు. మొదట మనుష్యులను సామానువలె సర్దిరి; పిదప గృహస్థులుగ నెంచిరి. ఫలము వేరుగ నుండుటలో వింత యేమి?

మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, పాత ప్రజాభవనములను సైతము అందరికి అనుకూలముగ మార్చవలెనని చెప్పుచున్నది. ఇందుకు తగిన నియమములు వట్టి సలహాలుగ మిగులరాదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావలసిన మార్పులు మనబోటి గృహిణులకును అర్థమగునవే. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల వాలుబాట, చక్రాలకుర్చీ దూరుటకు మూడడుగుల ద్వారము, అది తిరుగుటకు ఐదడుగుల చోటు, గడపలేని స్నానపుగది, గోడకు చేయూత కమ్మి, పైయంతస్తునకు లిఫ్టు. నడుమ ముంగిలిగల పాత యిండ్లలో లిఫ్టునకు చోటు దొరకుట కష్టముకాదు. ఇన్ని గదులు ఒకే కప్పుక్రింద, రైలునకును ఆసుపత్రికిని దగ్గరగ, క్రొత్తగ కట్టబోయిన లభించునా?

ఖర్చెవరు భరింతురని కొందరడుగుదురు. అడుగవలసినదే. సత్రములు కట్టించిన పెద్దలు పుణ్యముతోబాటు లెక్కయు చూచుకొనిరి. దీపమునకును బియ్యమునకును మాన్యములు వ్రాసియిచ్చిరి. ఇప్పుడును అట్లే యేర్పాటు వలయును. క్రిందనున్న పెద్ద హాలును పెండ్లిపేరంటములకు అద్దెకిచ్చి, వీధివైపున రెండు దుకాణములుంచి, ఆ రాబడిలో కొంత మరమ్మతులకు ప్రత్యేకింపవచ్చును. ఉదయము పఠనాలయము, మధ్యాహ్నము కుట్టుపని తరగతి, సాయంకాలము పురాణకాలక్షేపము జరిగినచో ఊరివారు వచ్చిపోవుచుందురు. పై గదులలోని వృద్ధులు నలుగురిలో నుందురు. చదివించగల అవ్వ పిల్లలకు పద్యములు చెప్పును. కుట్టగల యామె తరగతి నడపును. అప్పుడది అనాథశరణాలయము కాదు, పదిమంది కాపురముండు ఇల్లు.

కావున సోదరీమణులారా! మీ యూర మూతపడిన సత్రమో వసతిగృహమో యున్నచో, అది కూలకముందే మీ మహిళాసమాజమున ఆ మాట యెత్తుడు. తెలిసిన యింజనీరును వెంటబెట్టుకొనిపోయి, గోడల బలము చూపించుడు. మెట్లు, గడపలు, ద్వారములు కొలిపించుడు. ఆ కొలతలతో సొంతదారులకును పురపాలక సంఘమునకును అర్జీ వ్రాయుడు. కూలినపిదప చేయు విచారముకంటె, నిలిచియుండగా వ్రాసిన యొక అర్జీ మేలు.