పాటల పద్దు

మా తమ్ముడు పికప్పు బండి కొన్నాడు. హిందూపురంలో చింతపండో, కూరగాయలో ఎక్కించుకుని అర్ధరాత్రి దాటాక బయలుదేరతాడు. పెనుకొండ మీదుగా తెల్లవారేలోగా ధర్మవరం చేరాలి. తిరుగుదోవలో పట్టుచీరల పెట్టెలు దొరికితే అదృష్టం. లేకపోతే ఖాళీ బండి. బండి మీద బేంకు అప్పు ఇంకా సగం కూడా తీరలేదు. అంటే వాడి సంసారం యావత్తూ ఆ నాలుగు చక్రాల మీదే నడుస్తున్నదన్నమాట.

ఒకనాటి సాయంత్రం మా మరదలు వచ్చి నా ముందు ఒక కవరు పెట్టింది.

"పదివేలుండాయి బావా. చీటీ పాడితే వచ్చిన దుడ్డు. బండికి మంచి పాటల సెట్టు పెట్టించండి. మీరు సైన్సు మేష్టరుగా చేసినారు. మిమ్మల్నెవరూ మోసం చెయ్యలేరు."

మేష్టర్లను మోసం చెయ్యడం ఎంత సులువో ఆ పిల్లకు తెలియదు. ఆ రహస్యం నేనెందుకు చెప్పాలి?

"పాటలకు పదివేలేమిటమ్మా? పిల్లల ఫీజులు కట్టుకోక!" అన్నాను.

ఆమె కాసేపు నేలచూపులు చూసింది. "పోయిన వారం పెనుకొండ దగ్గర ఆయనకు కునుకు పట్టిందంట. ఎడంపక్క చక్రాలు రోడ్డు దిగినాయంట. తనుగా చెప్పలేదు. పక్క అద్దం పగిలుంటే నేనే అడిగితి. పాటలుంటే నిద్ర రాదంటాండాడు."

నేనిక మాట్లాడలేదు. కవరు తీసి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు అన్నదమ్ములిద్దరం హిందూపురంలో ఒక దుకాణానికి వెళ్ళాం. అబ్బాయి మర్యాదస్తుడు. కూర్చోబెట్టి టీ తెప్పించాడు. తర్వాత మా పదివేలకూ పథకం వేశాడు. నాలుగు స్పీకర్లు, సీటు వెనక గొట్టంలాంటి బేస్ పెట్టె, రంగురంగుల దీపాలు మెరిసే సెట్టు. సెట్టు అట్టపెట్టె మీద బంగారు అక్షరాలతో "1000 వాట్లు" అని వుంది.

"ఇది పెట్టించండి సార్, బండి ఎగురుతుంది!" అన్నాడు.

"ఎగరకుండా చూడడానికే వచ్చాం నాయనా," అన్నాను.

మా తమ్ముడి కళ్ళు ఆ వెయ్యి దగ్గరే నిలిచిపోయాయి. నాకు మటుకు మా ఇంటి ఇస్త్రీపెట్టె గుర్తుకొచ్చింది. అది వెయ్యి వాట్లది. బండి బేటరీ 12 వోల్టులు. దానిలోంచి వెయ్యి వాట్లు లాగాలంటే 80 ఆంపియర్ల పైచిలుకు కరెంటు కావాలి. సెట్టును వెనక్కు తిప్పి ఫ్యూజు చూశాను. 10 ఆంపియర్లు! చెంబులోంచి చెరువు ధారపోస్తానంటే నమ్మేదెట్లా?

బిల్లు పుస్తకం వెనక లెక్క వేసి చూపించాను. ఇంజను నడుస్తున్నప్పుడు బండిలో వుండేది మహా అయితే 14.4 వోల్టులు. స్పీకరు సాధారణంగా 4 ఓములు. విడిగా ఆంప్లిఫయరు లేని సెట్టు ఒక్కో స్పీకరుకు శుభ్రంగా ఇవ్వగలిగింది ఎంత లాగినా 26 వాట్లకు మించదు. పెట్టె మీద ఆర్.ఎమ్.ఎస్. అనే అక్షరాల పక్కన చిన్నగా వేసే అంకె నిజం. పెద్దగా వేసేది కోరిక.

ఇంకొక సంగతి కూడా వుంది. వాట్లు రెట్టింపు చేసినంత మాత్రాన చప్పుడు రెట్టింపు కాదు. 3 డెసిబెల్లే పెరుగుతుంది. ఒకే వాటు ఇస్తే 86 డెసిబెల్లు పలికే స్పీకరు ఒకటి, 92 పలికే స్పీకరు ఒకటి వున్నాయనుకోండి. రెండోది నాలుగో వంతు వాట్లతోనే మొదటిదానితో సమానంగా పలుకుతుంది. చేతిలో డబ్బు తక్కువున్నవాడు చూడవలసింది ఆ అంకె. దాన్ని ఏ దుకాణంవాడూ బంగారు అక్షరాలతో వెయ్యడు.

దుకాణం అబ్బాయికి కోపం రాలేదు సరికదా, నవ్వేశాడు. "మేష్టారు దొరికినారే!" అని, దీపాలు మెరవని సెట్టు ఒకటి 3,000కూ, మంచి స్పీకర్ల జత 2,200కూ ఇచ్చాడు. బెంగళూరు జె.సి. రోడ్డులో ఇంకా చవకని పక్కనెవరో అన్నారు. రైలు చార్జీ, ఒకరోజు బండి బాడుగ పోగొట్టుకున్నాక చవక ఎక్కడిదండీ?

బిగించే పనికి పెనుకొండ వెళ్ళాం. అక్కడ వైరింగు చేసే సాయబుగారు ఒకాయన వున్నారు. లారీల కింద పడుకుని తల నెరిసిన మనిషి. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "పన్నెండా, ఇరవైనాలుగా?" అని. పెద్ద లారీల్లో 24 వోల్టులుంటాయి. ఆ సంగతి మరిచి తగిలిస్తే పాటకు ముందు పొగ వస్తుంది.

మాది పన్నెండేనని తేలాక ఆయన తలుపు అట్ట వూడదీశాడు. లోపల రేకు నిండా కంతలు. "స్పీకరు ముందుకు తోసిన గాలి ఈ కంతల్లోంచి వెనక్కు పోయి, వెనక గాలితో కలిసిపోతుంది సార్. బరువైన శబ్దమంతా అక్కడే చచ్చిపోతుంది. కంతలు మూయకుండా పెద్ద స్పీకరు పెట్టేది, చిల్లికుండకు వెండి మూత పెట్టినట్టు," అన్నాడు. 700 రూపాయల తారు షీటు తెప్పించి కంతలన్నీ మూశాడు. తలుపు వేస్తే వెనకటిలా డబ్బా మోత రాలేదు.

బేటరీ నుంచి మంచి లావు వైరు లాగి, బేటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టాడు. ఫ్యూజు ఎక్కడో సెట్టు దగ్గర పెడితే, మధ్యలో వైరు ఒరుసుకున్నప్పుడు దాన్ని కాపాడే దిక్కుండదట. తర్వాత పెన్సిలు సెల్లొకటి స్పీకరు వైర్లకు క్షణం తాకించాడు. కాగితపు గిన్నె ముందుకు వూగితే ప్లస్సు సరైనచోట వున్నట్టు. ఒక స్పీకరుకు ప్లస్సు, మైనస్సు తారుమారయితే ఒకటి తోస్తే ఒకటి లాగుతుంది. పాటలో పస వుండదు. దంపతుల్లాగే కాబోలు!

వైర్లకూ ఫ్యూజుకూ 600, ఆయన కూలి 800. మొత్తం 7,300. నా లెక్కల తెలివికి నేనే మురిసిపోయాను.

డబ్బు పుచ్చుకుంటూ సాయబుగారు అడిగాడు: "ఏంటికి సార్, ఇంత శ్రద్ధ?"

సంగతి చెప్పాను. ఆయన తల అడ్డంగా వూపాడు. "పాట తోడు సార్. నిద్రకు మందు కాదు."

ఆ మాట నాకంతగా రుచించలేదు. ఆ రాత్రే మా తమ్ముడితో బండెక్కాను. వాడికి కురుక్షేత్రం నాటకం పద్యాలంటే ప్రాణం. పెన్‌డ్రైవు నిండా అవే. గట్టిగా పెట్టకపోయినా ప్రతి అక్షరం వినపడుతోంది. వెనక లారీ హారనూ వినపడుతోంది. మేం మాట్లాడుకోవడానికీ అడ్డం లేదు. చిన్నప్పుడు మా నాయన మమ్మల్ని భుజాన వేసుకుని తీసుకెళ్ళిన నాటకాలు తలుచుకున్నాం. ప్రతి పద్యం చివరా రాగం ముగియగానే వాడు "ఆహా!" అంటున్నాడు. నాటకం చూస్తూ మా నాయనా అచ్చం అట్లాగే అనేవాడు.

మూడు దాటింది. పెనుకొండ దగ్గరపడింది. 2019లో కార్లు తయారుచెయ్యడం మొదలుపెట్టిన ఎర్రమంచి కార్ఖానా ఈ పక్కనే. అక్కడ పుట్టే కార్లకు పాట పుట్టుకతోనే వస్తుంది, మన బండికి నడిమంత్రాన వచ్చిందని హాస్యమాడాను. వాడు నవ్వలేదు. పద్యం ముగిసింది. రాగం తారస్థాయికెక్కి ఆగింది.

"ఆహా" వినపడలేదు.

తిరిగి చూశాను. వాడి కళ్ళు తెరిచే వున్నాయి. కాని ఆ కళ్ళల్లో వాడు లేడు.

"ఒరేయ్!" అని భుజం పట్టి వూపాను. బండి కొంచెం తొణికి మళ్ళీ దారికొచ్చింది. "నిద్ర కాదన్నా, వింటాండానులే," అన్నాడు. "ఇప్పుడే పద్యం అయింది?" అని అడిగాను. చెప్పలేకపోయాడు.

బండి పక్కకు తీయించి ఒక హోటలు ముందు ఆపించాను. రాత్రి 2 మొదలు తెల్లవారు 6 వరకూ నిద్ర మనిషిని పగబట్టినట్టు వెంటాడుతుంది. పాట గట్టిగా పెట్టినా, కిటికీ తెరిచినా కొద్ది నిమిషాల వూరటే. పనిచేసేవి రెండే: కాఫీ, కునుకు. కాఫీ తాగగానే పావుగంట పడుకోవాలి. అది ఒంటికి పట్టడానికి అరగంట దాకా తీసుకుంటుంది కనక, లేచేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. ఇదంతా నాకు తెలియని సంగతి కాదు. ఎప్పుడో చదివినదే. 26 వాట్ల లెక్క వేసే సరదాలో అసలు లెక్క మరిచిపోయాను.

వాడు స్టీరింగు మీద తల పెట్టి పడుకున్నాడు. నేను చీకట్లో కొండకేసి చూస్తూ కూర్చున్నాను. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక విజయనగరం రాజధానే వచ్చి ఈ కొండ కింద తలదాచుకుంది. సామ్రాజ్యానికే పెనుకొండలో మజిలీ కావలసివస్తే, మా తమ్ముడి పికప్పుకు నామోషీ ఏమిటి?

ధర్మవరం చేరేసరికి తెల్లవారింది. మార్కెట్టులో అందరికంటే అరగంట ఆలస్యం. కూరగాయలకు బస్తాకు పది రూపాయలు తగ్గాయి. వాడు గొణుక్కున్నాడు. నేను విననట్టు వూరుకున్నాను.

సాయంత్రం మరదలికి పద్దు అప్పగించాను. ఖర్చు 7,300. నిలవ 2,700.

"మిగిలినాయా! మీరుంచండి బావా, ఇంకో రెండు స్పీకర్లకు పనికొస్తాయి," అంది.

"వద్దమ్మా. హోటల్లో కాఫీ 15 రూపాయలు. దీంతో 180 కాఫీలు వస్తాయి. వారానికి మూడు రాత్రుల లెక్కన ఏడాది దాటుతుంది. ఈ డబ్బు వాడికి పెనుకొండలో తప్ప ఇంకెక్కడా ఖర్చు పెట్టడానికి వీల్లేదని చెప్పు," అని, జరిగింది దాచకుండా చెప్పాను.

ఆమె ఆ డబ్బు విడిగా ఒక డబ్బాలో వేసింది. బయలుదేరే ప్రతి రాత్రీ పదిహేను రూపాయలు లెక్కపెట్టి వాడి చొక్కా జేబులో పెడుతోంది. తిరిగొచ్చాక ఆ జేబు తడిమి చూస్తుంది. డబ్బు అట్లాగే వుంటే ఆ పూట ఇంట్లో జరిగే కురుక్షేత్రానికి సెట్టుతో పనిలేదని మా తమ్ముడు చెబుతుంటాడు.