సాలన్‌లో కలిపిన గోలీ

భాయిజాన్ తాగుతాడని మా ఖాందాన్‌లో అందరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పరు. ఇజ్జత్ కదా! అమ్మీ తావీజు కట్టించింది, తౌబా చేయించింది. రంజాన్ నెలంతా ముట్టడు. ఈద్ దాటితే మళ్లీ మామూలే.

ఎవరో డైసల్ఫిరామ్ గోలీల సంగతి చెప్పారు. తెలియకుండా తిండిలో కలిపితే తాగినప్పుడల్లా వాంతులై తనే మానేస్తాడట. భాభీ నా వల్ల కాదంది. నేనే పొడి చేసి సాలన్‌లో కలిపాను. రోజూ వార్తలు రాసేవాణ్ని, డబ్బాలోని చీటీ మాత్రం చదవలేదు.

మూడో రాత్రి తాగొచ్చాడు. మొహమంతా ఎర్రగా కందిపోయింది, ఆగని వాంతులు. "దిల్ ఘబ్రారా రే" అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆటోలో అమ్మీ యాసీన్ చదువుతూనే ఉంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఏం మింగాడని అడిగితే భాయిజాన్ ముందే చెప్పాల్సొచ్చింది.

"మద్యం ఒంట్లో విరిగేటప్పుడు అసిటాల్డిహైడ్ అనే విషం పుడుతుంది. ఈ గోలీ దాన్ని పోనివ్వదు. మనిషికి చెప్పి, అతను ఒప్పుకుంటే, గుండె, లివర్ చూసి ఇచ్చే దవా ఇది. ఆపేసినా రెండు వారాల దాకా అసర్ ఉండొచ్చు. దొంగచాటుగా పెడితే జాన్ పోవచ్చు" అంది.

ఉన్నట్టుండి తాగుడు మానితే ఫిట్స్ రావచ్చని కొన్నాళ్లు అక్కడే ఉంచుకున్నారు. తర్వాత ఆమె మాతో కాదు, అతనితో మాట్లాడి, తలబ్ తగ్గించే నాల్‌ట్రెక్సోన్ రాసింది.

ఏడాదైంది. రెండుసార్లు జారాడు, మళ్లీ తనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. గోలీ తన చేత్తోనే వేసుకుంటాడు. దస్తర్‌ఖాన్ దగ్గర నేను సాలన్ వడ్డిస్తే మాత్రం, ముందు నా మొహం చూస్తాడు.